ఎర్ఫుర్ట్ క్రిస్మస్ సంతలో ఆళ్ళగడ్డ రాళ్ళు

జర్మనీ ఎలా ఉందని నంద్యాలలో కనబడిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. చలి అని చెప్పి తప్పించుకుంటున్నాను. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి అడిగితే దీపాల గురించీ, మసాలా రొట్టెల గురించీ గంటసేపు చెప్పాను. అందరూ సంతోషించారు. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కుక్కర్ పెట్టి వీధిలోకి వస్తాను, వీధిలోంచి మేడ మీదికి పోతాను. కుదురు లేని మనిషినని మా ఆయన ఉన్నప్పుడే అనేవాడు, ఇప్పుడది మరీ ఎక్కువైంది. అందుకని మొత్తం రాసేస్తున్నాను. దీపాలూ రొట్టెలూ కూడా ఉంటాయి.

ఆళ్ళగడ్డ

నేను ఇంగ్లీషు టీచర్ని. పదకొండేళ్ళు ఆళ్ళగడ్డలో పనిచేశాను. బస్సు దిగి బడికి నడిచే దారి పొడుగునా శిల్పుల షెడ్లు. దేవుళ్ళు, దేవతలు, చనిపోయిన నాయకులు, అందరూ ఒకే వరుసలో ఎండలో నిలబడి ఉంటారు. ఆ దుమ్ములో నడిచి నడిచి బడికి చేరేసరికి నా చీర ఏ రంగుదో నాకే తెలిసేది కాదు. అక్కడే బ్రహ్మయ్య ఆచారి పరిచయం. ఆయన పిల్లలిద్దరూ నా దగ్గర చదివారు. మా ఆయన సమాధి రాయి మీద పేరు చెక్కింది కూడా ఆయనే.

రెండేళ్ళ కింద ఉర్సులా అనే జర్మన్ ఆవిడ అహోబిలం చూసి తిరిగి వస్తూ ఆయన షెడ్డు ముందు జీపు ఆపించింది. డెబ్బై దాటిన మనిషి. రోజంతా అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని ఉలి దెబ్బలు చూసిందట. పోతూ పోతూ వాళ్ళ చర్చి కోసం ఒక పని ఒప్పజెప్పింది. క్రిస్మస్‌కు పెట్టే పశువులపాక బొమ్మలు కావాలి: బాలయేసు, మరియ, యోసేపు, ఎద్దు, గాడిద. అన్నీ నల్లరాతిలో. ఉత్తరాలు రాయడానికి ఆచారి నన్ను పిలిపించాడు.

ఆయన పశువుల తొట్టిని మా సీమ ఇళ్ళ ముందుండే రాతి తొట్టిలాగే చెక్కాడు. మరియకు తలమీద కొంగు వేశాడు. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి మొండికేశాడు. "ఎద్దు వద్దు టీచరమ్మా. దూడతో ఆవు కావాల. అట్ల రాయి ఆయమ్మకు" అన్నాడు. రాశాను. ఆవిడ సరేనంది.

వానాకాలంలో బొమ్మలు పెట్టెల్లో పెట్టి మేకులు కొడుతుండగా గమనించాను. ఆవుకూ దూడకూ గాడిదకూ కళ్ళున్నాయి. మనుషులు ముగ్గురికీ రెప్పల మధ్య నున్నగా ఉంది, కనుపాప లేదు.

"కండ్లు మరిచిపోయినావు అన్నా."

"మరవలేదు. ఆడికి పోయినాక. యాడ నిలబెడతామో ఆడనే కండ్లు తెరవాల."

గుడి విగ్రహాలకు కళ్ళు తెరిచే తంతు గురించి విన్నాను. మా నాయన వెలుగోడు దగ్గర పల్లెల్లో చర్చి ఉపదేశిగా వాక్యం చెబుతూ తిరిగినవాడు. మా ఇంట్లో యేసు ప్రభువు పటం కూడా ఉండేది కాదు, గోడ మీద వాక్యం తప్ప. బొమ్మకు కళ్ళు తెరవడం, దాని ముందు నిలబడడం మాకు చిన్నప్పటి నుంచీ కూడని పని. డిసెంబరుకు ఉర్సులా ఇద్దరికీ టిక్కెట్లు పంపింది, ఆయనకు అతిథిగా, నాకు ఆయన నోరుగా. కళ్ళ సంగతి ఆవిడకు రాయాలనుకుంటూనే విమానం ఎక్కేశాను.

మూడున్నరకే చీకటి

గురువారం ఎర్ఫుర్ట్‌లో రైలు దిగాం. మధ్యాహ్నం మూడున్నరకే లైట్లు వేశారు. ఆచారి లుంగీ మీద ప్యాంటు, ప్యాంటు మీద ఇంకో ప్యాంటు తొడిగాడు. కోతి టోపీ మీద ఉర్సులా ఇచ్చిన ఉన్ని టోపీ పెట్టాడు. "కర్నూలు జిల్లాలో పుట్టినోడు ఈడ బతకలేడప్పా" అని ఎవరికో చెప్పినట్టు అన్నాడు. ఆ ఊరు మా ప్రొటెస్టెంట్లకు పుట్టినిల్లు లాంటిది, మా శాఖ మొదలుపెట్టిన పెద్దాయన చదువుకున్నది అక్కడే. నాకు చిన్నప్పటి క్రిస్మస్ కార్డుల్లోని మంచు కావాలి. మంచు లేదు. సన్నని వాన పడుతోంది.

ఉర్సులా చర్చి ఊరి అంచున ఉంది, చిన్నది. ఆదివారం ఆ ఆవరణలోనే వాళ్ళ సంత, అప్పుడే బొమ్మల ఆవిష్కరణ. అక్కడివాళ్ళు క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు లెక్కపెట్టి వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తూ కాచుకుంటారు. మనం డిసెంబరు మొత్తం ఇల్లిల్లూ తిరిగి డోలక్ కొట్టి పాటలు పాడి గొంతు పోగొట్టుకుంటాం. నాలుగు వారాలు ఒక కొవ్వొత్తి వంక చూస్తూ కూర్చోమంటే నావల్ల కాదు.

దిగిన సాయంత్రమే ఉర్సులా మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది. ఆవరణలో వేసిన పాకలో బొమ్మలు అప్పటికే పెట్టి ఉన్నాయి. పాస్టరు ఆడమనిషి, జీన్స్ వేసుకుంది. మాకు చెయ్యి కలిపి ఒక కరపత్రం ఇచ్చింది. మూడు వందలు అచ్చు వేయించారట. ఉర్సులా ఇంగ్లీషులో చదివి వినిపించింది: ఈ బొమ్మలకు కనుపాపలు లేవు, భారతదేశపు శిల్పి కావాలనే అలా వదిలాడు, వాళ్ళు మనల్ని చూడరు, మనమే వాళ్ళను చూడాలి. చాలా గొప్ప ఆలోచన అని పాస్టరమ్మ ఆచారి భుజం తట్టింది.

"ఏమంటాండారు?" అని అడిగాడు ఆచారి.

"బొమ్మలు బాగున్నాయంటున్నారు."

"కండ్ల సంగతి అడుగు. రేపు పొద్దున తెరుస్తానని చెప్పు."

ఉర్సులా నా మొహం వైపు చూసింది. "ఏమంటున్నాడు? ఏమైనా మిగిలిందా?" అని అడిగింది.

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "లేదు. అంతా పూర్తయిందంటున్నాడు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మూడు వందల కరపత్రాలు చూసి మొహమాటపడ్డాను. యేసు బొమ్మ ముందు కళ్ళు తెరిచే తంతుకు నేను దుబాసీగా నిలబడ్డానని మా చర్చిలో తెలిస్తే ఏమంటారో అనీ ఉంది. మా నాయన కూడా గుర్తొచ్చాడు. ఆచారితో మాత్రం "ఆదివారం చూద్దామన్నారు" అన్నాను. అటు ఒక అబద్ధం, ఇటు ఒక అబద్ధం, రెండూ ఒకే నిమిషంలో చెప్పేశాను.

మెట్ల కింద సంత

శుక్రవారం ఊరి పెద్ద సంతకు పోయాం. కొండలాంటి దిబ్బ మీద రెండు పెద్ద చర్చిలు పక్కపక్కన, వాటి ముందు వెడల్పాటి మెట్లు, కింద మైదానమంతా చెక్క దుకాణాలు. మధ్యలో దీపాల చెట్టు, ఒక రంగులరాట్నం. కొవ్వొత్తి వేడికి తిరిగే చెక్క గోపురాలు చూసి ఆచారి కదల్లేదు. గాలి పైకి పోతుంటే రెక్కలు తిరుగుతాయి, రెక్కలతోపాటు గొర్రెల కాపరులు తిరుగుతారు. పావుగంట దాని కింద వంగి చూశాడు.

కాల్చిన మాంసం రొట్టెలో పెట్టి ఇస్తారు, నాలుగు యూరోలు. మన దగ్గర ఆ దుడ్లకు ఇంటిల్లిపాదికీ బిరియానీ వస్తుంది. ఆచారి మాంసం ముట్టడు. ఆయనకు ఆలుగడ్డ తురిమి వేసిన అట్టు దొరికింది, దాని మీద తియ్యటి ఆపిల్ గుజ్జు వేసి ఇచ్చారు. "అట్టు మీద పచ్చికారం ఏస్తారు గానీ పండు ఏస్తారా?" అంటూనే మూడు తిన్నాడు. బాదంపప్పుకు చక్కెర పాకం పట్టి రాగి బాణలిలో తిప్పుతుంటే ఆ వాసన మైదానం అవతలికి వస్తోంది. ఎవరి చేతిలో చూసినా పొగలు కక్కే కప్పే. లవంగం, దాల్చిన చెక్క వేసి కాచిన ఎర్రటి రసం. ద్రాక్ష రసమే కదా అని నేనొకటి కొని సగం తాగాక తల తిరిగింది. సారాయి ముట్టనని పదమూడో ఏట ప్రమాణం చేసినదాన్ని. ఉర్సులాను అడిగితే, వైన్ కాచి అమ్ముతారనీ, ఆదివారం వాళ్ళ చర్చిలో పాస్టరమ్మే గరిటె పట్టుకుని పోస్తుందనీ చెప్పింది. మా నంద్యాలలో అయితే అలా పోసిన పాస్టరు సోమవారం ఊర్లో ఉండడు.

నవ్వుకోవలసిన రోజు. నాకు నవ్వు రాలేదు. ఒక దుకాణం ముందు రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. ఉర్సులా నా వెనక పరిగెత్తలేక ఆయాసపడింది.

"ఏంది టీచరమ్మా, అట్ల తిరుగుతాండావు? కాలు కాలిందా?" అన్నాడు ఆచారి. వెంటనే మళ్ళీ అడిగాడు. "ఆయమ్మకు నువ్వు సరిగ్గా చెప్పినావు గదా? కండ్ల సంగతి?"

"చెప్పినా అన్నా." అది మూడో అబద్ధం.

చెక్క మనిషి

శనివారం ఊరి మధ్య వంతెన మీదికి తీసుకుపోయింది ఉర్సులా. వంతెన మీద రెండు పక్కలా ఇళ్ళు, అంగళ్ళు. కింద ఏరు పోతుందని తెలియకుండానే దాటేస్తాం. ఆ చివర ఒక ముసలాయన చెక్క బొమ్మలు అమ్ముతున్నాడు. నోట్లోంచి సాంబ్రాణి పొగ వదిలే బొమ్మలు, గనుల్లో పనిచేసే బొమ్మలు, దేవదూతలు. ఆచారి ఒక బొమ్మ ఎత్తి వెనక్కి తిప్పి, ఉలి గాట్లు వేలితో తడిమి చూశాడు. ముసలాయన అది చూసి బల్ల ఇవతలికి వచ్చాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని అరచేతుల్లో కాయలు చూసుకున్నారు. అంతవరకూ నా అవసరమే లేదు.

తర్వాత ముసలాయనకు మాట్లాడాలనిపించింది. కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. బల్ల కింద నుంచి ఇంకా రంగు వెయ్యని దేవదూతను తీశాడు, మొహం ఖాళీగా ఉంది. కళ్ళు చివరికి పెడతాననీ, ఇదివరకు ఆ పని తన భార్య చేసేదనీ, ఆమె పోయాక రెండేళ్ళు బొమ్మలు కళ్ళు లేకుండానే అటక మీద ఉండిపోయాయనీ చెప్పాడు. "మీ స్నేహితుడు కూడా కళ్ళు చివరికేనా?" అని అడిగాడు.

ఆ మాట ఆచారికి చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"చివరికే" అన్నాడు ఆచారి. "ఇంగా తెరవలేదు. రేపు తెరుస్తాండా. తెరవకుంటే అది రాయే. రాయిని మనిషని చెప్పి ఇచ్చి వచ్చినట్ల. ఆ మోసం చేసినాక ఇంటికి పోయి మళ్ళీ ఉలి పట్టుకోలేను. మా నాయనా అట్ల ఇయ్యలేదు, ఆయన నాయనా ఇయ్యలేదు. చెప్పు ఆయప్పకు."

చెప్పాను. ముసలాయన తల ఊపుతూ ఆచారి చెయ్యి వదల్లేదు.

ఉర్సులా ఏవో కొనడానికి ఆగిపోయింది. మేమిద్దరం ట్రామ్ ఎక్కాం. రెండు స్టాపులు పోయాక ఇక ఆగలేక, "అన్నా, నేను వాళ్ళకు చెప్పలేదు. అంతా పూర్తయిందని చెప్పినా" అన్నాను.

ఆచారి నా వైపు చూడలేదు. తలుపులు తెరుచుకోగానే దిగిపోయాడు. అది మా స్టాపు కాదు. నేనూ దిగి వెంటపడ్డాను. వాన, తెలియని వీధులు, మూసేసిన ఇళ్ళు, ప్రతి కిటికీలో కొవ్వొత్తుల తోరణం. ఆయన చాలా దూరం నడిచి ఒక గోడ దగ్గర ఆగాడు.

"ఏటికి చెప్పలేదు?"

"మాకు బొమ్మలు కూడవు అన్నా. భయపడినా."

"నీకు కూడకుంటే ఆడనే, ఆళ్ళగడ్డలోనే, రానని చెప్పాల. ఇంగొకర్ని తెచ్చుకుంటా ఉంటి. ఈడ నాకు నోరు యాడిది? నీ నోరే నాది. నువ్వు దాన్ని మూసినావు."

కోపంగా కూడా అనలేదు. ఆ గోడ దగ్గర నేను ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, దారినపోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. కాసేపటికి "దారి కనుక్కో, చలి పెడతాంది" అన్నాడు.

వంటగదిలో

ఆ రాత్రి, మేం దిగిన ఉర్సులా ఇంట్లో, వంటగదిలో కూర్చుని ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. నా మీద కోపమో, కరపత్రం రాసింది తనే అన్న సిగ్గో తెలియలేదు. వెంటనే పాస్టరమ్మకు ఫోన్ చేసింది. ఆమె సైకిలు మీద తడుస్తూ వచ్చేసింది. బల్ల చుట్టూ నలుగురం. పాస్టరమ్మ మర్యాదగానే అడిగింది, "ఇది పూజా? మా చర్చిలో ఇంకో దేవుడి పూజ జరిగితే కొందరు బాధపడతారు."

ఆచారికి చెప్పాను.

"పూజ కాదు. పని. మిగిలిపోయిన పని" అన్నాడు. నేను అది చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "ఉలి పెట్టేముందు నేను మంత్రం అనుకుంటా. బయటికి కాదు, లోపలే. అది మాననని కూడా చెప్పు. దాచి పెట్టొద్దు."

అది చెబితే పని చెడుతుందని నాకు తెలుసు. మొదటి మాట ఒక్కటి చెబితే సరిపోయేది. రెండూ చెప్పాను.

పాస్టరమ్మ టీ కప్పు బల్ల మీద అటూ ఇటూ తిప్పింది. నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి తిరిగాను. చివరికి ఆమె, "ఆయన లోపల ఏమనుకుంటాడో అడిగే హక్కు నాకు లేదు. పది గంటలకు ఆరాధన. ఎనిమిదికి రండి" అంది. ఉర్సులా మాత్రం, "మూడు వందల కరపత్రాలు" అని గొణిగింది.

ఆదివారం

ఎనిమిదికి అప్పుడే వెలుతురు వస్తోంది. పాకలో మేం నలుగురమే. ఆచారి స్వెటర్లు రెండూ విప్పేసి, తెచ్చుకున్న పంచె కట్టుకున్నాడు. చలికి ఒళ్ళంతా గగుర్పొడుస్తోంది. ఆవునూ దూడనూ అందరం కలిసి బాలుడికి ఎదురుగా జరిపాం. కళ్ళు తెరవగానే మొదటి చూపు దూడతో ఉన్న ఆవు మీద పడాలట. ఆవు కావాలని ఎందుకు మొండికేశాడో అప్పుడు తెలిసింది.

శిల్పి తిన్నగా ఆ కళ్ళల్లోకి చూడకూడదట, అద్దంలో చూస్తూ ఉలి పెట్టాలి. ఉర్సులా స్నానాలగది అద్దం ఊడదీసుకొచ్చింది. దాన్ని ఎవరు పట్టుకోవాలి? ఆచారి నన్ను అడగలేదు. పాస్టరమ్మ వైపు తిరిగాడు. నేనే వెళ్ళి అద్దం తీసుకున్నాను.

"నీకు కూడదంటివే" అన్నాడు.

"పట్టుకుంటా అన్నా."

పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. సన్నని ఉలితో చిన్న చిన్న దెబ్బలు, గోరంత పొడి. "వాలుతాంది, పైకి ఎత్తు" అని రెండుసార్లు కసిరాడు. ఒక్కో కంటికి పది నిమిషాలు పట్టింది. మోచేతులు పీక్కుపోయాయి. మూడు రోజుల తర్వాత నేను ఒకచోట కదలకుండా నిలబడింది ఆ గంటే. అద్దంలో ఆ బాలుడి కళ్ళు వచ్చాయి. మా సీమ పసివాడి కళ్ళే, కాస్త పెద్దవి. నాకు ప్రార్థన చెయ్యాలనిపించింది, చేశాను. బొమ్మకు కాదు. ఎవరికి చేశానో మా నాయనకు తెలిస్తే చాలు.

మధ్యాహ్నం ఆవరణ నిండిపోయింది. బాకాల వాళ్ళు పాట వాయించారు. ముగ్గురు ఆడవాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చుని కరపత్రాల్లో ఆ పేరాను పెన్నుతో కొట్టేస్తున్నారు. పాస్టరమ్మ నిజంగానే గరిటె పట్టుకుని వేడి వైన్ పోస్తోంది. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి, శిల్పి రెండు మాటలు మాట్లాడతాడని ప్రకటించింది. నేను ఇంగ్లీషులో చెబితే తను జర్మన్‌లో చెబుతానంది.

ఆచారి ఆ జనాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఈ ముగ్గురికీ కండ్లు పొద్దున్నే తెరిచినా. రెండు దినాల ముందే తెరవాల్సింది. నేను వచ్చిన దినమే చెప్పినా. ఈ టీచరమ్మ మీకు చెప్పలేదు. అబద్ధమాడింది. నిన్న తనే ఒప్పుకునింది. ఈ పొద్దు అద్దం పట్టింది కూడా ఈయమ్మే. ఇంగ ఈ పని ముగిసింది, బొమ్మలు మీవి." ఆగాడు. "చెప్పు" అన్నాడు.

రెండు వందల మంది ఉన్నారు. వాళ్ళల్లో ఒక్కరికీ తెలుగు రాదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను ఏం చెప్పినా అదే ఆయన మాట అవుతుంది. చల్లగాలిలో చెవులు కాలిపోతున్నాయి. చెప్పాను. 'నేను చెప్పలేదు' అన్నాను, 'అబద్ధమాడాను' అన్నాను. పాస్టరమ్మ ఒక్కసారి నా మొహం చూసి, దాన్ని జర్మన్‌లోకి మార్చింది. జనంలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అవి ఆయనకే.

ఆ చప్పట్లలో ఆచారి నా పక్కకు వంగాడు.

"అంతా చెప్పినావా?"

"అంతా చెప్పినా అన్నా."

"అబద్ధమాడిందన్నది?"

"అది కూడా."

నా మొహం కాసేపు చూశాడు. కనుక్కోవడానికి ఆయనకు వేరే దారి లేదు.

"సరే" అన్నాడు. "పా. ఆ ఆలుగడ్డ అట్టు యాడ అమ్ముతాండారో కనుక్కుని నా మాటగా రెండు అడుగు."